గ్యాసు బావి లెక్కలు

"తమ్ముడూ, మధ్యాహ్నం మూడింటికి సంతకం. ఆలోపల ఆ బావిలో గ్యాసు ఉందో లేదో నువ్వు తేల్చాలి."

పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసు గదిలో కూర్చుని మంగతాయారు ఈ మాట అనేసరికి నేను కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. గోడ గడియారంలో ఎనిమిదిన్నర అయింది. డిటెక్టివ్ అన్నవాడికి ఎవరైనా కనీసం వారం రోజులు గడువిస్తారు. తాయారక్క నాకు ఆరున్నర గంటలిచ్చింది. అది కూడా ఏప్రిల్ ఎండలో.

నా పేరు జాన్ సాహెబ్. సొంతూరు మాచర్ల. రెండేళ్ళ క్రితం నరసరావుపేట వచ్చి ఈ మిల్లుకు ఎదురుగా మేడ మీద 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు కట్టాను. ఈ రెండేళ్ళలో పెళ్ళి పీటల మీంచి పారిపోయిన పెళ్ళికొడుకుల్ని ఇద్దర్నీ, పోలీసు క్వార్టర్స్‌లో పోయిన గేదెనూ పట్టుకున్నాను. గేదె దొరికిన రోజున నాకు కాఫీ ఇచ్చి మెచ్చుకున్న మొదటి మనిషి మంగతాయారు. అప్పట్నుంచీ ఆమె నాకు అక్క, నేను ఆమెకు తమ్ముణ్ణి.

"రాజుపాలెం బావి గురించేగా అక్కా?" అన్నాను.

"ఇంకేముంది? ఇంట్లో పొద్దున లేస్తే అదే పాట. బావి, గ్యాసు, కంపెనీ! పప్పులో ఉప్పు ఎక్కువైందంటే కూడా గ్యాసు కంపెనీ వచ్చాక వంటమనిషిని పెడతానంటాడు మీ బావ."

సంగతి ఊరంతటికీ తెలిసిందే. రాజుపాలెం దగ్గర ఒక మెట్ట చేలో నీళ్ళ కోసం బోరు వేస్తే సహజవాయువు తన్నుకొచ్చిందట. వెంటనే ఒక కంపెనీ పుట్టింది. ఆ కంపెనీకి ఈ జిన్నింగ్ మిల్లు రాసిచ్చేస్తే బావిలో సగం వాటా ఇస్తామన్నారు. మంగతాయారు భర్త బాలకోటయ్య ఆ బేరానికి ఎగిరి గంతేశాడు. కానీ మిల్లు ఆయనది కాదు. మంగతాయారు తండ్రి గురునాథం గారు మార్కెట్ యార్డులో కమిషన్ కొట్టు నడిపి, ఆ సంపాదనతో కట్టిన మిల్లు. పోతూ పోతూ కూతురి పేరున రాసి పోయాడు. ఆమె సంతకం లేకుండా అక్కడ మేకు కూడా కదలదు.

"నీకు ఇష్టం లేకపోతే పెట్టనని చెప్పెయ్యరాదూ?" అన్నాను.

"ఎట్టా చెప్పమంటావు? ఆయన పిచ్చిమారాజు తమ్ముడూ. ఎవడేం చెప్పినా నమ్ముతాడు. నేను కాదంటే చంటిపిల్లాడిలాగా చిన్నబుచ్చుకుంటాడు, అన్నం మానేస్తాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో నన్ను ఒక్క మాట అనలేదయ్యా ఆ మనిషి." ఆమె కిటికీలోంచి మిల్లు షెడ్డు వైపు చూసింది. "అట్టాగని మా నాన్న కట్టిన మిల్లు ఎవడో టోపీవాడి చేతిలో పెట్టలేను. ఇది పోతే నాకు పుట్టిల్లు పోయినట్టే. రోజూ ఎంత గ్యాసు వచ్చిందో రాసే ఉత్పత్తి రికార్డు అక్కడ ఉందంట. నువ్వెళ్ళి దాన్ని చూడు. నువ్వు నిజమంటే సంతకం పెడతా, అబద్ధమంటే పెన్ను ముట్టను."

అంతలో బాలకోటయ్య తువ్వాలు విసురుకుంటూ లోపలికొచ్చాడు. తెల్లటి లాల్చీ, నోట్లో కిళ్ళీ, మొహం నిండా నవ్వు. ఆ మనిషి వచ్చాడంటే గదిలో ఇంకో ఫ్యాను తిరిగినట్టు ఉంటుంది.

"ఏం సాయిబూ, మా ఆవిడ నిన్ను గూఢచారిగా పంపుతోందంట! పోయిరా, పోయిరా. మంట చూశావంటే మతి పోద్ది. రికార్డు కూడా అడిగి చూడు. నీకు చూపించమని నేనే కబురు పెట్టా."

"ప్రభుత్వం వాళ్ళ దగ్గర కూడా రికార్డు ఉండాలి కదండీ? నిన్న గుంటూరు ఫోను చేశా. మా దగ్గర ఏమీ లేదు, అర్జీ పెట్టుకుంటే రెండు నెలల్లో జవాబిస్తాం అన్నారు" అంది తాయారక్క.

"అదీ మరి! వాళ్ళ రెండు నెలలకి మన వాటా ఎవడో ఎగరేసుకుపోతాడు. అందుకే గదా ఇవాళ్టి ముహూర్తం." ఆయన నా భుజం తట్టి, భార్య వైపు తిరిగి, "తాయారూ, నువ్వు ఆ నేరేడుపండు రంగు చీర కట్టుకో. రిజిస్ట్రారు ఆఫీసుకి మహాలక్ష్మిలాగా రావాలి" అన్నాడు. ఆవిడ కసురుకుంది గానీ బుగ్గలు ఎర్రబడ్డాయి. వాళ్ళిద్దర్నీ చూస్తే నాకే ముచ్చటేసింది.

నా స్కూటరు పది తన్నులు తిన్నాక కరుణించింది. సత్తెనపల్లి దాటి రాజుపాలెం చేరేసరికి పదిన్నర. బావి ఉన్న చేను రోడ్డు పక్కనే. చేనుకి ఎదురుగా తాటాకు పందిరి కింద గ్రేసమ్మ అనే ఆవిడ టీ కొట్టు నడుపుతోంది. ఏ కేసులోనైనా సరే, ముందు టీ కొట్టుకి వెళ్ళడం నా పద్ధతి. పోలీసుల కంటే టీ కొట్టువాళ్ళకే లోకం ఎక్కువ తెలుసు.

"ఆ మంట రోజూ మండుద్దా గ్రేసమ్మా?" అన్నాను, టీ అందుకుంటూ.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు కంపెనీ మడిసివా?"

"కాదు. కంపెనీ మీద ఎంక్వయిరీకి వచ్చినవాణ్ణి."

"అట్టా చెప్పు! రోజూ ఎందుకు మండుద్ది బాబూ? పెద్దోళ్ళు కార్లలో చూట్టానికి వత్తారే, అప్పుడే మండుద్ది. వాళ్ళు పోగానే ఆరిపోద్ది."

"ఎవరు ఆర్పుతారు?"

"నాకేం తెలుసు? పెద్దోళ్ళు వచ్చే ముందర ఒక జీపు వత్తది. ఎనక టార్పాలిన్ కప్పి ఉంటది. అదిగో, ఆ పత్తికట్టె కుప్ప చాటుకి పోద్ది. కాసేపుండి పోద్ది. ఇయ్యాల కూడా వచ్చింది. నువ్వూ పెద్దోడివే కామోసు."

ఈ చివరి మాటకి నాకు ఒక్క క్షణం గర్వం కలిగిన మాట నిజం. తర్వాత బుర్ర పనిచేసింది. నేను వస్తున్నానని తెలిసి జీపు వచ్చిందంటే, ఆ మంటని నా కోసమే వెలిగించారన్నమాట. టీ డబ్బులిచ్చి రోడ్డు దాటాను.

చేను మధ్యలో మనిషెత్తు ఇనుప గొట్టం, దానికో వాల్వు, పక్కన మీటరు పెట్టె, పైన రెపరెపలాడుతూ మంట. దూరంగా ఒక రేకుల షెడ్డు. గొట్టం పక్కన టై కట్టుకుని నిలబడ్డ బక్కపల్చటి మనిషి చేతులు జోడించాడు.

"అమరేశ్వరరావు అంటారండీ. కంపెనీ మేనేజర్ని."

ఆయన వెనక నుంచి ఇంకో ఆకారం ముందుకు వచ్చింది. నల్లకోటు, నల్లకళ్ళద్దాలు, భుజానికి టేప్ రికార్డరు, చేతిలో భూతద్దం. గుంటూరు డిటెక్టివ్ వెంకటేశ్వర్లు! ఆ ఎండలో ఆ కోటులో ఉడికిపోతున్నా గుండీ ఒక్కటి విప్పలేదు.

"హలో మిస్టర్ జాన్! గేదెల కేసులు మానేశారా?"

"మానలేదు. మీరు తప్పిపోయారంటే వెతుక్కుంటూ వచ్చా" అన్నాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఈయన్ని చూస్తే అది ముక్కు దాటి బయటికొస్తుంది.

"కంపెనీ నన్ను ప్రత్యేకంగా పిలిపించింది. బావిని పరిశీలించి సర్టిఫికెట్ ఇచ్చాను. హండ్రెడ్ పర్సెంట్ జెన్యూన్. ఇంక మీరు చూడాల్సిందేం లేదు."

"చూడాల్సింది ఉందో లేదో చూస్తే గదా తెలిసేది" అంటూ గొట్టం దగ్గరికి నడిచాను.

మొదటి సంగతి. మంట భగభగా మండుతోంది, మీటరులో ముల్లు మాత్రం కదలడం లేదు. అమరేశ్వరరావుని అడిగితే "అది నిన్న సాయంత్రమే పాడైందండీ, రిపేరుకి చెప్పాం" అన్నాడు. రెండోది. గొట్టం అడుగు నుంచి పత్తికట్టె కుప్ప దాకా నేల మీద జానెడు వెడల్పు చార ఉంది. చేనంతా బీటలు వారి ఉంటే ఆ చారలో మట్టి మాత్రం మెత్తగా ఉంది. ఎవరో తవ్వి, పూడ్చి, తొక్కారు. మూడోది. గాలి మళ్ళినప్పుడు నాకు ముక్కుపుటాలు అదిరాయి. ఆ వాసన నాకు బాగా తెలుసు. మా ఇంటి ఓనరమ్మ గ్యాసుబండ మారుస్తున్నప్పుడల్లా మేడ మెట్ల మీద వచ్చే కంపు అది.

"వెంకటేశ్వర్లు గారూ, ఈ వాసన ఏంది?" అన్నాను.

"గ్యాసు వాసన."

"వంటగ్యాసు వాసన. లీకైతే మనకి తెలియాలని బండల్లో నింపేటప్పుడు ఆ వాసన కలుపుతారు. భూమిలోంచి వచ్చే గ్యాసుకి ఎవరు కలిపారు, పాతాళంలో ఎవరైనా ఫ్యాక్టరీ పెట్టారా?"

అమరేశ్వరరావు టై సర్దుకున్నాడు. వెంకటేశ్వర్లు మాత్రం పకపకా నవ్వి టేప్ రికార్డరు నొక్కాడు. "భూగర్భంలో గంధకం ఉంటుంది మిస్టర్ జాన్. గంధకం వాసన వేస్తుంది. కాస్త సైన్సు చదివితే తెలుస్తుంది. ఈ మాట రికార్డు చేశాను, పనికొస్తుంది."

నా ఒళ్ళు మండింది. కానీ ఆ గంధకం మాటని తీసిపారేసేంత చదువు నాకు లేదు. వాసనని సీసాలో పట్టి రిజిస్ట్రారు ఆఫీసులో చూపించలేను. మీటరు పాడైందంటే కాదని నిరూపించలేను. ఇక మిగిలింది కుప్ప. గబగబా అటు నడిచాను.

"అటు వెళ్ళకండి! తాచుపాముంది!" అని అరిచాడు అమరేశ్వరరావు.

నేను ఎక్కడివాణ్ణక్కడ ఆగిపోయాను. ఎంత పెద్ద డిటెక్టివ్‌కైనా ఒక బలహీనత ఉంటుంది. నాకు పాములంటే చచ్చేంత భయం. ఆ కుప్పలో గ్యాసుబండలే ఉన్నాయనీ, పాము లేదనీ నూటికి తొంభై పాళ్ళు నాకు తెలుసు. ఆ మిగిలిన పది పాళ్ళే నా కాళ్ళు పట్టుకుని ఆపేశాయి. వెంకటేశ్వర్లు నా మొహం చూసి ఇంకా గట్టిగా నవ్వాడు.

"సరే, నేను వచ్చిన పని చూపించండి. ఉత్పత్తి రికార్డు ఎక్కడ?" అన్నాను, వెనక్కి తిరుగుతూ.

రేకుల షెడ్డులో బల్ల మీద ఎర్ర తాడు కట్టిన ఫైలు సిద్ధంగా ఉంది. లోపల కాగితాలన్నీ టైపు చేసినవి. చేతిరాత ఉంటే ఎవరిదో కనిపెట్టవచ్చనుకున్నాను, ఆ ఆశ కూడా పోయింది. కాగితానికి నాలుగు గడులు. తేదీ, నిన్నటి మీటరు అంకె, ఇవాళ్టి మీటరు అంకె, రోజు ఉత్పత్తి ఇన్ని ఘనపు మీటర్లు అని. కింద అమరేశ్వరరావు సంతకం. దొరల కంపెనీలో కూడా ఇంత శుభ్రంగా ఉండదేమో.

"చూశారా! ఎంత సైంటిఫిక్‌గా ఉందో!" అని వెంకటేశ్వర్లు భూతద్దం పెట్టి ఒక కాగితం చదివాడు. "రోజుకి నాలుగు వేల ఘనపు మీటర్లు. బంగారు గని!"

నేను లెక్కల్లో పెద్ద మొనగాణ్ణి కాదు. కూడికలు, తీసివేతలు మాత్రం వచ్చు. ఇవాళ్టి అంకెలోంచి నిన్నటి అంకె తీసేస్తే ఆ రోజు వచ్చిన గ్యాసు తెలియాలి. మొదటి కాగితంలో తీసేస్తే నాలుగు వేలు వచ్చింది. పక్కన ఉత్పత్తి గడిలో మూడు వేల తొమ్మిది వందల పది అని ఉంది. టైపు తప్పనుకున్నాను. రెండో కాగితంలో తేడా మూడు వేల ఆరు వందలు, ఉత్పత్తి మూడు వేల అయిదు వందల పంతొమ్మిది. మూడో దాంట్లో నాలుగు వేల నాలుగు వందలకి నాలుగు వేల మూడు వందల ఒకటి. ఫైలంతా తిరగేశాను. ఒక్క రోజు కూడా కలవలేదు. ప్రతి రోజూ మీటరు కంటే ఉత్పత్తి కొంచెం తక్కువే.

"అమరేశ్వరరావు గారూ, మీటరు నాలుగు వేలంటుంటే మీరు తొంభై తగ్గించి రాశారేంటి?"

ఆయన తొంగి చూశాడు. "అంటే... పోగా మిగిలిందండీ."

"ఏం పోగా?"

"అదే... పోయేది పోగా."

"గ్యాసు ఎక్కడికి పోయింది? మీటరు దాటాక బస్సెక్కి పిడుగురాళ్ళ పోయిందా?"

"మిస్టర్ జాన్, మీది క్రాస్ ఎగ్జామినేషనా, కోడిపందెమా?" అన్నాడు వెంకటేశ్వర్లు. "టెంపరేచర్ కరెక్షన్ అంటారు దాన్ని."

"అవునవును, అదే" అన్నాడు అమరేశ్వరరావు, బతికిపోయినట్టు. "నాకు అంత వివరంగా తెలియదండీ. అంకెలు పైనుంచి వస్తాయి. నేను టైపు చేసి సంతకం పెడతాను."

"పైనుంచి అంటే?"

"పైనుంచే" అని ఆయన రేకుల వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కడ బల్లి తప్ప ఎవరూ లేరు.

నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పోగా మిగిలింది. ఈ మాట నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నాను! మా నాన్న రెండెకరాల్లో పండిన మిరపకాయలు బండి మీద నరసరావుపేట కమిషన్ కొట్టుకి తోలుకొచ్చేవాడు. కాటా మీద వంద కేజీలు తూగేది. కొట్టువాడు తొంభై ఎనిమిదే రాసేవాడు. గోతం బరువు, తేమ, దుమ్ము అని వందకు రెండు తరుగు తీసేసేవాడు. మా నాన్న నోరు విప్పేవాడు కాదు. నేను కొట్టువాడి మీద పళ్ళు నూరేవాణ్ణి. పలనాడులో పంట అమ్ముకున్న ప్రతి ఇంటికీ ఆ తరుగు తెలుసు.

గబగబా లెక్కేశాను. వందకు రెండు చొప్పున నాలుగు వేలకి తరుగు ఎనభై. ఈ దొంగ రికార్డు రాసినవాడు ఏ ఇంజనీరో కాదు. నరసరావుపేట కమిషన్ వ్యాపారి! జీవితమంతా తరుగు తీసి తీసి, తరుగు తీయకుండా ఒక్క అంకె వేయడానికి కూడా చెయ్యి రాని మనిషి. గ్యాసుకి గోతం ఉండదన్న ఆలోచన కూడా రాలేదు పాపం. కానీ ఇంకో పది ఎందుకు పోయిందో మాత్రం నాకు అంతు పట్టలేదు. తొంభై పోయింది, ఎనభైకే నా దగ్గర జవాబు ఉంది.

ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఈ కాగితాలు మూడింటి లోపల తాయారక్క చేతిలో పడాలి.

"ఈ ఫైలు ఒకసారి నరసరావుపేట తీసుకెళ్ళాలి" అన్నాను.

"అమ్మో, కుదరదండీ!" అమరేశ్వరరావు ఫైలు మీద రెండు చేతులూ వేశాడు. "ఇక్కడే చూపించి ఇక్కడే ఉంచమన్నారు. గడప దాటించొద్దని గట్టిగా చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

"పైన ఉన్నవారు."

లాక్కుంటే లాభం లేదు. నేను కుర్చీలో కూలబడి పెద్ద నిట్టూర్పు విడిచాను. "వెంకటేశ్వర్లు గారూ, ఓడిపోయానండీ. మీరు చెప్పిందే నిజం. ఇంత గొప్ప రికార్డు చూస్తే మా అక్క మారుమాట లేకుండా సంతకం పెట్టేస్తుంది. నేను చెబితే ఏం బాగుంటుంది? మీలాంటివారు, కోటు వేసుకుని, అందరి ముందూ నిలబడి చదివితే దాని అందమే వేరు. పాపం, ఈయన గడప దాటనివ్వడంట."

వెంకటేశ్వర్లు కోటు ఇంకా బిగించాడు. "ఎందుకు దాటనివ్వడు? అమరేశ్వరరావ్, ఇటివ్వండి. సర్టిఫికెట్ ఇచ్చింది నేను. నా సర్టిఫికెట్‌తో పాటు రికార్డు కూడా నేనే చదువుతాను."

"సార్, వద్దు సార్, వాళ్ళు ఒప్పుకోరు సార్..."

"వాళ్ళెవరు? నా మీద నమ్మకం లేదా మీకు?"

కంపెనీ పిలిపించిన డిటెక్టివ్ అడిగితే కంపెనీ మేనేజరు ఏమంటాడు? ఆయన మొహం పాలిపోయింది. ఫైలు వెంకటేశ్వర్లు చంకలోకి పోయింది. నేను కిటికీ వైపు తిరిగి మనసారా నవ్వుకున్నాను.

నా స్కూటరు ఎన్ని తన్నులు తన్నినా కదలలేదు. దాన్ని గ్రేసమ్మకి అప్పగించి వెంకటేశ్వర్లు అంబాసిడర్ కారెక్కాను. దారి పొడవునా ఆయన టేప్ రికార్డరులో తన గొంతు తనే విని మురిసిపోయాడు. ముప్పాళ్ళ దగ్గర ఇంజను వేడెక్కి పొగలు కక్కింది. బిందెలతో నీళ్ళు మోసి పోసింది నేను. ఆయన కోటు తడుస్తుందని దూరంగా నిలబడ్డాడు. చేతి గడియారం రెండున్నర చూపిస్తుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది. అక్క నా కోసం ఎదురుచూస్తుంది సరే, బాలకోటయ్య ముహూర్తం దాటిపోతోందని బతిమాలితే ఎంతసేపు ఆగుతుంది? ఆ మనిషి నొచ్చుకుంటే ఆమె తట్టుకోలేదు.

రిజిస్ట్రారు ఆఫీసు ముందు కారు ఆగేసరికి మూడు దాటి పది నిమిషాలు. వరండాలో జనం. దస్తావేజు రాసే ఆయన స్టాంపు కాగితాలు బల్ల మీద పరిచి ఉన్నాడు. మంగతాయారు నేరేడుపండు రంగు చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. చేతిలో పెన్ను ఉంది.

"ఆగక్కా!" అని అరిచాను.

"వచ్చావా తమ్ముడూ! నేనింకా పెట్టలేదులే. నువ్వొచ్చిందాకా పెట్టనని ఆయనకి చెప్పా" అంది.

బాలకోటయ్య నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఏం సాయిబూ, మంట చూశావా? మతి పోయిందా?"

"పోయిందండీ. వెంకటేశ్వర్లు గారు రికార్డు కూడా తెచ్చారు."

ఆ మాట వినగానే ఆయన నవ్వు కొంచెం తగ్గినట్టు అనిపించింది. ముహూర్తం దాటిపోతోందన్న కంగారనుకున్నాను.

"ఫైలు ఎందుకు తెచ్చావయ్యా ఇక్కడికి?" అన్నాడు.

"చదవడానికి!" వెంకటేశ్వర్లు వరండా మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "లేడీస్ అండ్ జెంటిల్మెన్, రాజుపాలెం బావి, మొదటి రోజు ఉత్పత్తి, మూడు వేల తొమ్మిది వందల పది ఘనపు మీటర్లు!"

"మీటరు అంకెలు కూడా చదవండి. రెండింటికీ తేడా ఎంతో చెప్పండి" అన్నాను.

ఆయన భూతద్దం పెట్టాడు, వేళ్ళు లెక్కపెట్టాడు, పెదవులు కదిపాడు. "నాలుగు... నాలుగు వేలు."

"నాలుగు వేలు వస్తే అంత రాయకుండా తగ్గించి రాశారు. ప్రతి రోజూ అంతే. ఏమయ్యా," అని వరండాలో మెట్ల మీద కూర్చున్న రైతుల వైపు తిరిగాను, "మన నరసరావుపేటలో కాటా మీద వంద తూగితే కొట్టువాడు ఎంత రాస్తాడు?"

"తొంభై ఎనిమిది!" అన్నారు నలుగురూ ఒక్క గొంతుతో.

"ఆ రెండేమయ్యాయి?"

"తరుగు!"

"ఇదిగో, ఈ బావిలో గ్యాసుకి కూడా తరుగు తీశారు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వరండా దద్దరిల్లింది. ఒక ముసలాయన కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "ఓరి మీ దుంపతెగ! గ్యాసుకి దుమ్మెక్కడిదిరా! గోతాల్లో నింపుతున్నారా?" అన్నాడు. దస్తావేజు రాసే ఆయన పెన్ను కింద పడేసుకుని నవ్వాడు. మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. వెంకటేశ్వర్లు ఒక్కడే కాగితం వంక, నా వంక మార్చి మార్చి చూస్తున్నాడు. చివరికి ఆ కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. ఆ పని ఉదయమే చేసి ఉంటే నేను ఆయన్ని కాస్త గౌరవించేవాణ్ణి.

"మిస్టర్ జాన్, నన్ను మోసం చేశారు వాళ్ళు" అన్నాడు, నీరసంగా. "ఎవడా దొంగ? చెప్పండి, నేనే పోలీసుల్ని పిలుస్తా."

"మన యార్డులో కమిషన్ వ్యాపారి. అంతవరకే తేలింది. వ్యాపారులు వందమంది ఉన్నారు, అందరూ వందకు రెండే తీస్తారు. అట్టా అయితే నాలుగు వేలకి ఎనభై పోవాలి. ఇక్కడ తొంభై పోయింది. ప్రతి కాగితంలోనూ వందకు ఇంకో పావు ఎక్కువ పోయింది. ఆ పావు ఏందో తేలితే మనిషి దొరుకుతాడు. అది మాత్రం నాకు తెలియలేదు."

మంగతాయారు నవ్వు ఆగిపోయింది.

"ఏదీ, ఇటివ్వు" అని ఫైలు అందుకుంది. ఒక కాగితం చూసింది. ఇంకోటి తిప్పింది. కమిషన్ కొట్టు అరుగు మీద పెరిగిన పిల్ల, లెక్క వేయడానికి ఆమెకి వేళ్ళు కూడా కదపనక్కర్లేదు. మూడో కాగితం దగ్గర చెయ్యి ఆగింది. అంతసేపూ ఎర్రగా ఉన్న మొహంలో రక్తం చుక్క లేకుండా పోయింది. ఏం జరిగిందో తెలియకుండానే, ఈ ఫైలు తేకుండా ఉంటే బాగుండేదేమో అనిపించింది.

ఆమె పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"వందకు పావు ధర్మం తమ్ముడూ" అంది. "బస్టాండు దగ్గర చలివేంద్రానికని మా నాన్న తరుగు మీద ఇంకో పావు తీసేవాడు. యార్డు మొత్తంలో మా ఒక్క కొట్లోనే ఆ పద్ధతి. నాన్న పోయాక కాటా పుస్తకం ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ఇంటి మనిషే రాస్తున్నాడు."

బాలకోటయ్య కిళ్ళీ నమలడం మానేశాడు. ఆమె కుర్చీలోంచి లేచి ఆయనకి ఎదురుగా నిలబడింది. కళ్ళనిండా నీళ్ళున్నా గొంతు పెంచలేదు. ఇరవై ఏళ్ళుగా పిలిచినట్టే మెల్లగా పిలిచింది.

"ఏవండీ, గ్యాసుకి కూడా మా నాన్న ధర్మం తీశారా?"